మల్లా చవితి

కొత్త ఆవకాయ జాడీలో తడి గరిటె ఎవరు పెట్టారన్నది ఆ పొద్దు ఇంట్లో తగువు.

తిరగకలిపి వారమైనా కాలేదు. నూనె తేలాల్సిన చోట ఒక పక్కన తెల్లగా బూజు కట్టింది. అంకాలమ్మ జాడీని రెండు చేతులా మోసుకొచ్చి, దొంగసొత్తు పట్టుకున్నట్టు వసారాలో అందరి మధ్యా పెట్టింది.

“తినేదానికి నోరుండాది, గరిటె తుడిచేదానికి చెయ్యి లేదు ఈ కొంపలో. ఎవురు చేసిన పని ఇది?”

ఆమె కొడుకు పెంచల్ వల మీదనుంచి తల ఎత్తలేదు. “నన్నెందుకు చూస్తావు మా? నేను ఊరగాయ ముట్టి పది దినాలైంది.”

“పది దినాల కిందట కాయ చెట్టుకుండాది గదరా!”

వేట నిషేధం మొదలై ఇరవై రోజులైంది. జువ్వలదిన్నె రేవులో పడవలన్నీ కదలకుండా పడి ఉన్నాయి. జూన్ నడిమి దాకా సముద్రం మీదికి పోకూడదు కనక మగవాళ్లు ఇళ్ల ముందర చేరి వలలు బాగుచేసుకుంటున్నారు, మూడు పూటలా ఇంట్లోనే తింటున్నారు, ఆడవాళ్ల పనులకు వంకలు పెడుతున్నారు. ఏడాది పొడుగునా రాని తగువులు ఈ రెండు నెలల్లో వస్తాయి.

“గరిటె సంగతి నాకు తెలవదు,” అన్నాడు కామాక్షయ్య, అంకాలమ్మ మొగుడు, స్తంభానికి ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే. “నేనెప్పుడూ చేత్తోనే తీసుకుంటా.”

అందరూ ఆయనవైపు తిరిగారు.

“చేత్తోనా!” అంది అంకాలమ్మ.

“కడుక్కోనే తీసుకుంటా గదా.”

వంటింటి గడపలో నిలబడిన దుర్గ నవ్వు ఆపుకుంది. ఆ ఇంటి కోడలు ఆమె. ఆవకాయ సంగతి ఆమెకు మూడు రోజుల కిందటే తెలుసు. మామ తువ్వాలు అంచున ఎర్రటి వేలిగుర్తులు ఉతికేది ఆమే. ఎవరూ అడగలేదు కనక చెప్పలేదు.

అంకాలమ్మ మొగుడిని కడిగిపారేస్తూ ఉండగా దుర్గ ఫోను మోగింది. గూడూరు నుంచి టైటస్. తిరుపతిలో ఆమె స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక ఏడాది వెనక చదివినవాడు. ఇప్పుడు గూడూరులో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ఏడాదికి ఒకసారి, క్రిస్మస్‌కి తప్ప ఫోను చేయడు.

“అక్కా, నీ యూనివర్సిటీ మెయిలు చూసినావా?”

“అది తెరిచి పదేళ్లయింది. ఏం?”

“మన ప్యాకేజీని తీసేస్తామంటుండారక్కా. పద్నాలుగు దినాలు టైమిచ్చినారు. నాకు కాపీ పెట్టినారు, నేను చూసేసరికే ఆరు పోయినాయి.”

దుర్గ గోడకు ఆనుకుంది. “ప్యాకేజీ తీసేస్తారా?” అంది.

అంకాలమ్మ తిట్టడం ఆపింది. “ప్యాకేజీ పడినాదా? నిషేధానికి సర్కారిచ్చే డబ్బులేనా?”

“ఆ ప్యాకేజీ కాదు మా,” అన్నాడు పెంచల్, వల కన్ను బిగిస్తూ. “దుర్గ కాలేజీలో చేసింది. దాంట్లో రూపాయి రాదు, పోదు.”

*

ఆర్ అని ఒక్క అక్షరం పేరుతో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. అంకెల కుప్పను ముందేసుకుని, అందులో ఏది దేన్ని అంటిపెట్టుకుని నడుస్తోందో, ఎంతవరకు నమ్మొచ్చో తేల్చి చెప్పే పనిముట్టు. దాన్ని ఎవరూ కొనక్కర్లేదు. లోపల ఎలా రాశారో విప్పి చూసుకోవచ్చు, నచ్చనిది మార్చుకోవచ్చు, కావలసింది లేకపోతే రాసి జతచెయ్యొచ్చు. అలా జతచేసిన ఒక్కొక్క ముక్కనూ ప్యాకేజీ అంటారు. ఒకరి మొహం ఒకరు ఎరగని మనుషులు ఏయే దేశాల్లోనో కూర్చుని రాసిపెట్టినవి వేలకొద్దీ ఒకేచోట ఉంటాయి, నడవడం మానేసినదాన్ని ఆ చోటును చూసుకునేవాళ్లు గడువిచ్చి తీసేస్తారు. వాటిలో ఒకటి దుర్గ రాసింది. దాని పేరు ‘తిథి’.

దుర్గ పుట్టింది గూడూరు అవతల, కోట అనే ఊరు దాటాక సముద్రం ఒడ్డున ఒక పాలెంలో. ఆమె నాయన మునెయ్య వేటకు పోయేవాడు. ఒడ్డు మనుషులకు తేదీలతో పనిలేదు, తిథులతోనే పని. ఆటూ పోటూ చంద్రుడి చేతిలో ఉంటాయి, చేప ఆటుపోట్ల చేతిలో ఉంటుంది. దుర్గకు చెప్పిన పాఠాల్లోనేమో అన్నీ జనవరి, ఫిబ్రవరిలే. వారాలు, నెలలు, త్రైమాసికాలు. వాటిలో పెడితే నాయన వేట అంతా చెల్లాచెదురుగా ఉండేది, ఏ వంపూ కనిపించేది కాదు. అందుకని తిథిని తేదీగా, తేదీని తిథిగా మార్చి, తిథిని బట్టి పట్టుబడి ఎలా మారుతుందో చూపించే ప్యాకేజీ రాసింది. నమూనాగా నాయన ఆరేళ్లపాటు రాసిపెట్టుకున్న పుస్తకాలను ఎక్కించి అందులో పెట్టింది. టైటస్ పరీక్షించి పెట్టాడు. ఆ ఏడే ఆమెకు మేనత్త కొడుకు పెంచల్‌తో పెళ్లయింది. ఆ తరువాతి ఏడు నాయన పోయాడు.

అప్పటినుంచి పదకొండేళ్లు. ఉప్పుగాలికి లాప్‌టాప్ రెండో ఏటనే చచ్చిపోయింది. ఉష పుట్టింది, నడిచింది, బడికి పోయింది. దుర్గ ఒక్కటి మాత్రం మానలేదు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు ఫోనులో ఆ ప్యాకేజీ పేజీ తెరుస్తుంది. అందులో చూడ్డానికి ఏమీ ఉండదు. పేరు, రెండు వాక్యాల వివరణ, ‘నిర్వహణ’ అన్న చోట దుర్గ అని తన పేరు. ఒకసారి చూసి మూసేస్తుంది. ఎవరైనా పెట్టెలో పాత పట్టుచీర ఉందో లేదో చూసుకున్నట్టు కాదు. చీరైతే కట్టుకునే రోజు వస్తుంది. కిటికీలోంచి రైలు పోవడం చూసినట్టు చూసేది.

*

మూడో రోజు పొద్దున బిట్రగుంటలో బండెక్కి గూడూరు పోయింది. స్టేషను బయట నిమ్మకాయల బస్తాల లారీలు అడ్డంగా ఉంటే సందులోంచి తప్పించుకుని నడిచి, చెమటతో కాలేజీ చేరింది. సెలవులు. కంప్యూటర్ల గదిలో టైటస్ ఒక్కడే ఉన్నాడు.

“బావ ఏమన్నాడక్కా?”

“పొద్దుకూకే లోపల రమ్మన్నాడు. అంతే.”

టైటస్ నవ్వి కుర్చీ జరిపాడు. “కూర్చో. నీ సీటు.”

తెర మీద ఆర్ తెరిచి ఉంది. పైన పలకరింపు నాలుగు లైన్లు, కింద ఖాళీ, ఆ ఖాళీలో కర్సరు ఆగి ఆగి మెరుస్తోంది. దుర్గ వేళ్లు కీబోర్డు మీద పెట్టి తీసేసింది. వేళ్లనుంచి ఉల్లిపాయ వాసన వస్తోంది. మళ్ళీ పెట్టింది. ఏం రాయాలో తెలియక రెండూ రెండూ కూడమని అడిగింది. నాలుగని చెప్పింది అది, ఇన్నేళ్లు ఎక్కడికి పోయావని అడగకుండా. ఆమె తల పక్కకు తిప్పుకుని కిటికీ బయట చూస్తూ ఉండిపోయింది. టైటస్ నీళ్ల సీసా తెస్తానని లేచి పోయాడు, తొందరగా రాలేదు.

వచ్చాక అసలు సంగతి చూపించాడు. ‘తిథి’ సొంతంగా నిలబడింది కాదు, వరసలను పేర్చే పని వేరేవాళ్లు రాసిన ఇంకో ప్యాకేజీకి అప్పగిస్తుంది. ఆ ప్యాకేజీని ఈ మధ్య మార్చారు. ఒక పక్షంలో ఒక తిథి పేరుతో రెండు వరసలు కనబడితే, ఒకే గుర్తుతో రెండున్నాయి, ఏది తీసుకోను అని ఆగిపోతోంది. దాంతో ‘తిథి’ కూడా ఆగిపోతోంది.

“నేను సరిచేసి పెట్టినానక్కా. ఒక్కటే లైను. రెండోది వస్తే తీసెయ్యమని రాసినా. ఇప్పుడు అన్ని పరీక్షలూ పాసైపోతుండాది. చూడు.”

చూసింది. నిజమే, ఒక్క తప్పూ చూపించకుండా నడిచింది.

“ఎన్ని పోయినాయి?”

“ఏంది?”

“వరసలు. రెండోవి తీసేస్తే ఎన్ని పోయినాయి?”

టైటస్ లెక్క అడిగాడు. “ఇరవై మూడు. పద్నాలుగొందల్లో ఇరవై మూడెంతక్కా? అయినా మీ నాయన ఒకే పొద్దు రెండుమాట్లు వేటకు పోయుంటాడు, అవి రెండోమాటువి. నువ్వే గదా అప్పట్లో చెప్పినావు.”

తనే చెప్పింది. జ్ఞాపకముంది. దుర్గ పాత జవాబులు, కొత్త జవాబులు పక్కపక్కన పెట్టింది. అంకె తేడా లేదు.

“ఇదేంది టైటస్, అప్పుడు ఇరవై మూడూ ఉన్నాయి గదా. ఇప్పుడు లేవు. జవాబు మారాల గదా?”

“అప్పుడూ లేవక్కా. పాత దాంట్లో రెండోది వస్తే దానంతట అదే పడేసేది. చెప్పేది కాదు. ఇప్పుడు చెబుతుండాది, అంతే తేడా.”

అంటే తను రాసింది మొదటినుంచీ ఇరవై మూడు రోజుల వేటను మింగుతూనే ఉంది. తను రోజూ మధ్యాహ్నం చూసుకుని మూసేసినది దాన్నే.

టైటస్ యూనివర్సిటీలో ఎవరినో పట్టుకుని ఆమె పాత మెయిలు తెరిపించాడు. వందల కొద్దీ చెత్త. దాన్ని తోసుకుంటూ కిందికి పోతే మూడేళ్ల నాటిది ఒకటి కనబడింది. ఒడిశా తీరంనుంచి ఒక పరిశోధక విద్యార్థిని రాసింది. మా వైపు కూడా వేటకు తిథులే చూస్తారు, మీ ప్యాకేజీ దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది అని ముందు నాలుగు లైన్లు. తరువాత, “ఒకే తిథి రెండు రోజులు వచ్చినప్పుడు రెండో రోజు వేట నా పట్టికలో కనబడటం లేదు. ఎన్నిసార్లు చేసినా అంతే. నేనెక్కడ తప్పు చేస్తున్నానో చెప్పగలరా?” అని ఉంది.

వారం తరువాత ఇంకొకటి. “బహుశా నా తప్పే అయివుంటుంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి.”

దుర్గ ఆ రెండు లైన్లను చాలాసేపు చూసింది.

“ఒక మాట చెప్తా, ఏమనుకోవాకు,” అన్నాడు టైటస్ బండికి సాగనంపుతూ. “నిర్వహణ నా పేరు మీదికి మార్చేద్దాం. ఏడాదికి రెండుమాట్లు ఇట్టాంటి మెయిలు వస్తానే ఉంటాది. పక్కన కంప్యూటరుండాల, చూసే మనిషుండాల. రాసింది నువ్వని ఎట్టాగూ ఉంటాది.”

అతను మంచికే చెప్పాడు. ఆమెకు కూడా తెలుసు. “ఆలోచిస్తా,” అని బండెక్కింది.

*

పుస్తకాలు అంకాలమ్మ ఇనప్పెట్టెలో ఉన్నాయి. మునెయ్య పోయినప్పుడు ఆ ఇంట్లోంచి చెల్లెలు తెచ్చుకున్నవి అవే. ఆమెకు చదువు రాదు. అన్న చేతిరాత ఉందని తెచ్చుకుంది.

“ఏం పని వాటితో?” అంది పెట్టె తాళం తీస్తూ.

“ఒకటి చూడాల అత్తా.”

ఆరు పొడుగు నోటుపుస్తకాలు. తడిసి ఆరిన కాగితాలు అప్పడాల్లా చప్పుడు చేస్తున్నాయి. దుర్గ వాటిని వంటింట్లో నేలమీద పరుచుకుని, మొదటిది తెరిచింది. నాయన అక్షరాలు పెద్దవి, ఒకదానికొకటి తగలకుండా ఎడంగా ఉంటాయి. నెల, పక్షం, తిథి, గాలి ఎటునుంచి, గంపలెన్ని. ఇంగ్లీషు తేదీ ఒక్కటి కూడా లేదు. తేదీలన్నీ పక్షం మొదటినుంచి తిథికి ఒక రోజు చొప్పున లెక్కగట్టి తనే వేసింది అప్పట్లో.

నాలుగో పేజీలో వేలు ఆగింది.

“బహుళ చవితి. గంపలు మూడు.” దాని కింద, “మల్లా చవితి. గంపలు ఏడు.”

మల్లా.

హాస్టల్లో కూర్చుని ఇవన్నీ ఎక్కించిన వేసవి కళ్లముందరికి వచ్చింది. డేటాను శుభ్రం చెయ్యాలని పాఠం. అక్కరలేని మాటలు, మచ్చలు, ఖాళీలు తీసెయ్యాలి. మల్లా అన్న చోటల్లా తీసేసింది. అది సమాచారం అనుకోలేదు. నాయన మాట్లాడినట్టే రాస్తాడు, మాటల మధ్య వచ్చే మాట అనుకుంది. ఇంకొక సంగతి కూడా ఉంది, ఆమె ఎవరికీ చెప్పనిది. గైడుకు చూపించాల్సిన పుస్తకం అది. మళ్ళీ అని కాకుండా మల్లా అని ఉంటే ఆయన నవ్వుతాడేమోనని భయపడింది. ఇరవై మూడు చోట్ల నాయన మాటను సిగ్గుపడి కొట్టేసింది. తరువాత అదే మరచిపోయి, ఒకే తిథి రెండుమాట్లు ఉంది కనక ఒకే రోజు రెండు వేటలు అనుకుంది. రెండు రోజులను ఒక రోజు చేసింది. అక్కడినుంచి ఆ పక్షం ముగిసేదాకా తను వేసిన ప్రతి తేదీ ఒక రోజు వెనకబడింది.

సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకు అదే తిథి అనీ, ఒక తిథి రెండు సూర్యోదయాలను పట్టుకుని ఉంటే రెండు రోజులూ అదే అనీ ఆమెకు తెలియక కాదు. ఆ లెక్కను తన చేత్తో రాసి ప్యాకేజీలో పెట్టింది. నాయన అదే సంగతి ఒక్క మాటలో రాస్తే మాత్రం చదవలేకపోయింది.

“ఏమమ్మే, అట్టా కూర్చోనుండావు?” అంది అంకాలమ్మ.

దుర్గ ఆ రెండు వరసలూ చదివి వినిపించింది.

“అవును మరి. రెండు పొద్దులూ చవితే అయితే రెండోది మల్లా చవితి. మా అన్న అట్టనే అనేవాడు. మా నాయనా అట్టనే అనేవాడు.” ఆమె మోకాలు నొక్కుకుంటూ పక్కన కూలబడింది. “ఆ రెండో దినం మీ నాయన ఇంట్లో ఉండేవోడు కాదు. జొరమొచ్చినా సరే పోయేవోడు. సముద్రం ఒకమాటు చెప్పిందే ఇంకోమాటు చెబుతుండాది, ఇనకపోతే ఎట్టా అనేవోడు.”

దుర్గ పేజీలు తిప్పింది. మొదటి పుస్తకంలో అలాంటి జంటలు తొమ్మిది. ఏడింట్లో రెండో రోజు గంపలు ఎక్కువున్నాయి. తొమ్మిదింట్లో ఏడు ఏమీ రుజువు చెయ్యవని ఆమెకు తెలుసు. కాసు ఎగరేసినా ఎప్పుడైనా వస్తాయి. మిగతా అయిదు పుస్తకాలు చూడాలి, గాలిని చూడాలి, రుతువును వేరు చెయ్యాలి. నాయన చెప్పింది నిజమో, ఊరికే అలా అనిపించిందో అడిగి తెలుసుకునే దారి ఒకటుంది. ఆ దారిని తనే మూసేసింది. తెలుసుకోవాలన్న ఆశ ఎంత గట్టిగా వచ్చిందంటే, ఆకలి వేసిందేమో అనుకుని లేచి మంచినీళ్లు తాగింది.

*

గడువుకు రెండు రోజులుందనగా టైటస్‌కు ఫోను చేసి అంతా చెప్పింది.

“అబ్బ, ఎంత పని చేసినాం అక్కా!” అన్నాడు. చేసినావు అనలేదు, చేసినాం అన్నాడు. “సరే, ఇప్పుడు తొందరపడి ఏం చెయ్యగలం? ఆరు పుస్తకాలూ మల్లా ఎక్కించాల, తేదీలన్నీ మార్చాల. రెండు దినాల్లో అయ్యే పని కాదు. ముందర నేను రాసిన లైను పెట్టి నిలబెడదాం. తీసేసినారంటే మల్లా చేర్చుకునేదానికి కొత్తగా చేరినట్టే లెక్క, సవాలక్ష ప్రశ్నలు. నిలబెట్టి తరవాత నిదానంగా చూద్దాం.”

అది సబబైన మాటే. ఎవరైనా అదే చెబుతారు. దుర్గ ఫోను పెట్టేసి బియ్యం ఏరుతూ కూర్చుంది. పెంచల్ వచ్చి గడప మీద కూర్చున్నాడు.

“ఏమంటాడు సారు?”

చెప్పింది.

“మరి ఇంకేం? ఆయన పేరు మీదికి రాసిచ్చెయ్. చదువుకున్నోడు, చేతిలో కంప్యూటరు ఉన్నోడు. నీకెందుకు ఈ తలనొప్పి?”

“నేనూ చదువుకున్నా గద బావా.”

“నేను అట్టా అన్లే.”

“తెలుసు.”

అతను కాసేపు గోరుతో దారం పీచు తీసుకుంటూ కూర్చున్నాడు. “నువ్వు మద్దేనం పూట ఫోనులో చూస్తావే, అదేనా అది?”

దుర్గ చేట ఆపింది. అతను నిద్రపోతున్నాడనుకునేది ఇన్నాళ్లూ.

“ఉషవాళ్ల స్కూలు ఫోటోలేమో అనుకునేవాణ్ణి,” అన్నాడు. “ఒకమాటు చూసినా. నీ పేరుండాది. ఇంకేముందో నాకు అర్థంగాలా.” లేచి పోయాడు.

‘తరవాత’ అనే మాట ఎంత పొడుగుంటుందో దుర్గకు తెలుసు. ఉష పాలు మానాక, అత్త కాలు ఆపరేషనయ్యాక, ఇల్లు కట్టడం అయ్యాక. పదకొండేళ్లు పట్టింది ఆ మాటకు. ఇప్పుడు ఆ ఒక్క లైను పెడితే ప్యాకేజీ నిలబడుతుంది, తన పేరు అలాగే ఉంటుంది, మధ్యాహ్నం చూసుకోవచ్చు. కాకపోతే ఇంతకాలం తెలియక మింగింది ఇకమీదట తెలిసి మింగుతుంది. రెండో రోజు తీసెయ్యమని తన పేరు కిందనే రాసి ఉంటుంది. ఇంకెవరో అమ్మాయి ఎక్కడో ఒడ్డున కూర్చుని తప్పు నాదేనేమో అనుకుంటుంది.

ఆ సాయంత్రం ఫోనులోనే ఒడిశా అమ్మాయికి జవాబు రాసింది. నాలుగుసార్లు రాసి కొట్టేసి, చివరికి రెండు వాక్యాలు ఉంచింది. తప్పు మీది కాదు, నాది. మూడేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను. పంపించాక అలాగే ఫోను చేతిలో పట్టుకుని చూసింది. ఆ చిరునామాలో ఇప్పుడు ఎవరైనా ఉన్నారో లేదో. చదువు అయిపోయి ఉంటుంది. పెళ్లయి ఉంటుందేమో. ఏ ఊళ్లో ఏ పొయ్యి దగ్గర ఉందో. జవాబు రాలేదు.

*

ఆఖరి రోజు మధ్యాహ్నం వంకాయ, ఎండునెత్తళ్లు వేసి పులుసు చేసింది దుర్గ. పచ్చిచేప లేని రోజులు కనక దానికే అందరికీ నోరూరింది. నడవలో కామాక్షయ్య, పెంచల్, ఉష వరసగా కూర్చున్నారు. మోకాళ్లు వంగని అంకాలమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కంచం ఒళ్లో పెట్టుకుంది.

“పులుసు బాగుండాది,” అన్నాడు కామాక్షయ్య. “ఉప్పు ఒక రవ్వ తక్కవ.”

“నీకు సముద్రం తెచ్చి పోసినా తక్కవే,” అంది అంకాలమ్మ.

ఉష ముళ్లు లేని ముక్క కోసం కంచంలో వెతుకుతోంది. పెంచల్ రెండోసారి అన్నం పెట్టించుకుని, కలపకుండా దుర్గవైపు చూశాడు.

“ఈ పొద్దే గదా నీ ప్యాకేజీ గడువు? సారుకి రాసిచ్చినావా?”

“లేదు.”

“మరి ఆయన చెప్పిన లైను పెట్టినారా?”

“వద్దన్నాను. రాత్రికి తీసేస్తారు. తీసేయనీ.”

అంకాలమ్మ చెయ్యి నోటిదాకా పోయి నిలిచిపోయింది. “అదేందమ్మే! మీ నాయన రాసింది అందులో ఉండాదన్నావే. నీ పేరుండాదన్నావే.”

“ఉంది అత్తా. తప్పుగా ఉంది. దానికి నా పేరు పెట్టి నిలబెట్టలేను.” దుర్గ గిన్నె కింద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఒక్కో మాటే విడిగా అంది. “మొదటినుంచీ ఎక్కిస్తాను. ఆరు పుస్తకాలూ, నాయన ఎట్టా రాసినాడో అట్టనే, ఒక్క మాట తీయకుండా. ఇంట్లో అయ్యేది కాదు. ఈ మంగళవారం నుంచి గూడూరు పోతాను. మంగళవారం, శుక్రవారం. టైటస్‌ని అడిగినాను, గది తాళం ఇస్తానన్నాడు.”

“ఎన్నాళ్లు?” అన్నాడు పెంచల్.

“తెలీదు. ఈ ఏడంతా పట్టొచ్చు. అది అయిపోయినాక కూడా పోతాను.”

“వేట మొదలైనాకనో?”

“మొదలైనాక కూడా,” అంది దుర్గ. “ఆ రెండు దినాలూ అన్నం ఎవరు వండాలో మీరు నలుగురూ అనుకోండి.”